మెడ ఇచ్చిన మాట

1. ఉప్పు గోకే రోజు

అసిరి ఈ ఉదయం వంగింది.

ఇందులో రాసిపెట్టుకోవలసిన విశేషమేముందని అడిగేవారు కొత్తగట్టులో పుట్టి కూడా కొత్తగట్టును ఎరగనివారని నా సమాధానం. మునిగిపోయిన తీరం మీద స్తంభాలెత్తి కట్టుకున్న ఈ ఊరిని సముద్రం నుంచి ఒక గోడ కాపాడుతున్నది. ఆ గోడ కట్టినవాళ్ల ఒంట్లోకి దాని పొడి చేరింది. వాళ్ల కడుపున పుట్టిన పిల్లల నరాల్లో అది నిప్పులా మిగిలిపోయింది. వైద్యులు ఆ జబ్బుకు పెట్టిన పేరు పలకడానికి ఒక ఊపిరి చాలదు. వాళ్లుండే గోడవాడలో దాన్ని గట్టునొప్పి అంటారు.

అసిరి గోడవాడ పిల్ల. వసతిగృహంలో నా గదిలోనే ఉంటుంది. వాదసభలో నా జోడీ కూడా. నేను దాడి చేస్తాను, తాను కోట కాస్తుంది. వేదిక మీద బల్లను రెండు చేతులా పట్టుకుని, ముందుకు ఒరిగి, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. అదొక శైలి అనుకుని కొత్తగా చేరినవాళ్లు అనుకరిస్తారు. ఆ బల్ల లేకపోతే ఆమె నిలబడలేదన్న సంగతి వాళ్లకు తెలియదు.

సోలార్ పలకల మీద ఉప్పు గోకడం మా వరస గదులవాళ్లందరికీ వంతు. అసిరి వంతు ఇన్నాళ్లూ నేనే చేస్తూ వచ్చాను. ఈరోజు నా చేతిలోని రేకు లాక్కుంది.

“ఇటియ్యి. గోకడం రాదు గానీ పెద్ద వాదకత్తెవి.”

“నువ్వు వంగకూడదే.”

“సల్లగుంది,” అంది, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. “నడుం కాడి నుంచి మడం దాకా ఎవులో తడిగుడ్డ పరిసినట్టు సల్లగుంది.”

వేదనా పరిశోధనశాలలో డాక్టర్ శరభయ్య తయారుచేసిన మందును పరీక్షకు తీసుకుంటున్న గోడవాడ వాళ్లలో అసిరి ఒకతె. మందుకు ఇంకా పేరు లేదు, అంకె మాత్రమే ఉంది. ఆమె నోటి మాటను బట్టి మా గదిలో దానికి చలువమందు అని పేరు స్థిరపడింది.

మా పలక అయిపోయాక, అడగకుండానే, పక్క గదివాళ్ల పలక కూడా గోకింది. నేను గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

2. నీళ్ల రోజు

కుళాయి అసిరికి రెండు క్యాన్ల నీళ్లు ఇచ్చింది.

మా కుళాయిలు ఉదారమైనవి కావు. మంచినీళ్ల కుళాయి, గది తలుపు, భోజనశాల, తరగతి హాజరు, ఏదైనా సరే, కంఠి వెలిగితేనే తెరుచుకుంటుంది. గొంతును, సంతకాన్ని, ముఖాన్ని యంత్రాలు అచ్చంగా దించడం నేర్చిన నాటి నుంచి మనిషి నోటిమాటకు చట్టంలో విలువ పోయింది. నరం నుంచి మెడ కండరానికి అందే ఆజ్ఞను మాత్రం ఇంతవరకు ఎవరూ నకలు చేయలేకపోయారు. అందువల్ల చంటితనంలోనే ప్రతి మెడకూ కంఠి అనే ఒక సన్నని పట్టీ పడుతుంది. తల పక్కకు వాలిస్తే సమ్మతి, ఆకుపచ్చ. అటూ ఇటూ తిప్పితే నిరాకరణ, ఎరుపు. ఉత్తరాది నుంచి వచ్చి చేరినవాళ్లు మొదట్లో తలను పైకీ కిందికీ ఊపుతూ కుళాయి ముందు నిలబడి దాహంతో మాడిపోతుంటారు.

ఒక క్యాను నిండాక, “ఇంకొకటి కావాలా?” అని కుళాయి అలవాటుగా అడుగుతుంది. మేమెవరమూ తల వాల్చం, నెలాఖరుకు కరువొస్తుంది. అసిరి కంఠి పచ్చగా వెలిగింది.

“నానేటీ అన్నేదే,” అంది.

“తల వాల్చావు. నేను చూశాను.”

“కుళాయికి నామీద మనసైనట్టుంది. పోనీ, తలస్నానం సేద్దారి.”

ఇద్దరం తలస్నానాలు చేశాం. ఆమె జుట్టు తుడుచుకుంటున్నప్పుడు తల మరొకసారి కుడివైపు ఒరిగి, అక్కడే కాసేపు నిలిచింది. మెడ పట్టేసిందనుకున్నాను. పట్టు సడలేలా పిసుకుతానని మెడ మీద చేయి వేశాను. తోలు కింద కండరం తాడులా బిగిసి ఉంది. అసిరి నా చేయి తోసేసి నవ్వింది.

3. తరగతుల రోజు

ఇప్పుడది అందరికీ కనబడుతున్నది. మాట్లాడుతూ మాట్లాడుతూ అసిరి గడ్డం కుడి భుజం వైపు లాక్కుపోతుంది, ఎవరో చెవిలో పిలిచినట్టు. తిరిగి తెచ్చుకుంటుంది. మళ్లీ పోతుంది.

దీనికి ఒక చిట్కా తానే కనిపెట్టింది. చదువుతూ చుబుకానికి చిటికెనవేలు ఆనించుకుంటే మెడ తిన్నగా వస్తుంది. నొక్కనక్కరలేదు, లాగనక్కరలేదు, తాకితే చాలు. వేలు తీసిన కాసేపటికి మెడ మళ్లీ తిరుగుతుంది. గ్రంథాలయంలో వెతికాను. మెడ మెలితిరిగే జబ్బుల్లో ఇటువంటి స్పర్శకు లోబడేవి ఉన్నాయని పాత వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. ఎందుకు లోబడుతుందో అవి కూడా చెప్పలేకపోయాయి.

“చలువమందు వల్లే వచ్చింది ఇది,” అన్నాను.

“తెలుసు.”

“తెలిసి ఊరుకున్నావా?”

వేలు గడ్డానికి ఆనించుకుని నన్ను తిన్నగా చూసింది. “ఒలే విదులా, నాను పదకొండేళ్ల నాటి నుంచి నిద్దరంటే ఏటో తెలకండా బతికినాను. మెడ తిరిగితే తిరగనీ. ముందరికి సూడ్డానికి కాదు గదా, పడుకోడానికి కావాలి మెడ.”

 

4. ఎన్నికల రోజు

విద్యార్థి సంఘం ఎన్నికలో మా పక్షం ఒక్క మెడ తేడాతో ఓడింది. అసిరి కంఠి అవతలి పక్షానికి పచ్చగా వెలిగిందని లెక్కింపు గదిలో తేలింది. గెలిచినవాళ్లు భోజనశాలలో మా బల్ల దగ్గరికి వచ్చి తలలు కుడివైపు వాల్చి, “ధన్యవాదాలండీ అసిరిగారూ,” అన్నారు. నేను లేచి వాళ్లకు అరగంట సేపు ప్రజాస్వామ్యం గురించి బోధించాను. మెచ్చుకుంటున్నట్టు వాళ్ల తలలు వాలుతూనే ఉన్నాయి. అసిరి మాత్రం కింద పడిన వాళ్ల గ్లాసు వంగి తీసి ఇచ్చింది. వంగడం ఆమెకు ఇంకా సరదాగానే ఉంది.

కానీ ఒక ఆలోచన నన్ను పట్టుకుంది. కుళాయి పొరబడింది. ఎన్నిక పొరబడింది. మరి మందు?

కంఠి ఇచ్చిన సమ్మతులన్నీ ఎవరివి వాళ్లు చూసుకోవచ్చు. చూపించమన్నాను. అసిరి బద్ధకంగా చూపించింది. మందు మోతాదు మూడుసార్లు పెరిగింది. మూడుసార్లూ ఆమె ఒప్పుకున్నట్టే ఉంది.

“నువ్వు ఒప్పుకున్నావా?”

“మొదటిసారి ఒప్పుకున్నాను. తరవాత...” ఆలోచించింది. “అడిగినారు. నాను సెప్పేలోగా పచ్చగా ఎలిగింది. సర్లే అనుకున్నాను.”

“సర్లే అనుకోవడమేమిటే? ఇది మోసం.”

“నొప్పి తగ్గింది గదా. నువ్వు గొడవ సెయ్యకు. నీ నోరు నోరు కాదు, పంపుసెట్టు. ఒకసారి ఏస్తే ఊరు మునిగేదాకా ఆగదు.”

మోతాదు పెరిగినకొద్దీ మెడ తిరగడం పెరుగుతుంది. మెడ తిరిగినకొద్దీ సమ్మతి దానంతటదే పుడుతుంది. ఆ సమ్మతితో మోతాదు మళ్లీ పెరుగుతుంది. దీనికి ముగింపు ఎక్కడ?

5. పోటు రోజు

పడవలు నడవవు గనుక స్తంభాల మీది నడవల గుండా పరిశోధనశాలకు నడిచాను. డాక్టర్ శరభయ్యను క్రూరుడిగా ఊహించుకుని వెళ్లాను. ఎదురైనది అంగీ గుండీలు తప్పుగా పెట్టుకున్న ఒక ముసలాయన.

ఆ సమ్మతులు చెల్లవని చెప్పినప్పుడు ఆయన వాదించలేదు. కుర్చీలో కూలబడి, “అవునమ్మా, అయి ఉంటుంది,” అన్నారు. “మెడ మందువల్ల తిరుగుతోందని గమనించాను. సమ్మతి కూడా మెడే కదా అన్నది నాకు తట్టలేదు.”

“ఇక ఆపేస్తారా?”

“ఆపడం కాదమ్మా, తగ్గించాలి. సగం చేస్తే నొప్పి తగ్గుదల నిలిచి, మెడ నెమ్మదించవచ్చు. మోతాదు తగ్గించడానికి కూడా మళ్లీ ఆ మెడనే అడగాలి, అదీ నా చిక్కు. వానలు వెళ్లేదాకా నాకు వ్యవధి ఇవ్వు. వేలి సంగతి పరీక్షిస్తున్నాను. వేలు ఆనించి ఇచ్చిన సమ్మతిని, సమ్మతుల తగాదాలు తీర్చే సభవాళ్లు ఒప్పుకుంటే అందరినీ తిరిగి అడుగుతాను.”

వ్యవధి అడిగే ప్రతివాడూ సాక్ష్యం చెరపడానికే అడుగుతాడని వాదసభలో మాకు నేర్పారు. లేచి వచ్చేశాను.

6. రేవులో

పరిశోధనశాలవాళ్లు రోగులందరినీ పరిశీలన కోసం తమ దగ్గరే ఉంచుకుంటామని పడవ పంపారు. అక్కడికి బయటివారిని రానివ్వరు. అసిరి బట్టల సంచితో పడవ ఎక్కింది. ఇంజను అప్పటికే మొదలైంది.

సమ్మతుల సభకు అర్జీ రాసుకుని జేబులో పెట్టుకున్నాను. బాధితుల తరఫున వేరొకరు అర్జీ వేయాలంటే వాళ్లలో ఒకరి సమ్మతైనా ఉండాలి. రేవు అంచుకు వెళ్లి అరిచాను.

“అర్జీ వేస్తున్నాను. వెయ్యనా?”

పడవ కదులుతున్నది. అసిరి నావైపు చూసింది. పెదవులు కదిలాయి గానీ ఇంజను మోతలో ఏమీ వినబడలేదు. అంతలో తల కుడివైపు వాలింది. కంఠి పచ్చగా వెలిగింది.

చివరికి నా మాట అర్థం చేసుకున్నది. నాకు ఎంత సంతోషం కలిగిందో రాయకుండా ఉండలేను. సాయంత్రంలోగా అర్జీ వేశాను.

7. సభ రోజు

గెలిచాను.

రోగులను సభకు పిలవకూడదన్న షరతు నేనే పెట్టాను. వాళ్ల మెడలను జనం వింతగా చూడకూడదన్నది నా ఉద్దేశం. అధ్యక్షురాలు దాన్ని మెచ్చుకుని ఆమోదించారు. పరిశోధనశాల తరఫున వకీలు దామోదరంగారు వచ్చారు. మెత్తని మనిషి, పదునైన కత్తి.

ఆయన ఒక దృశ్యం చూపించారు. గోడవాడకు చెందిన ఒక వృద్ధుడు గడ్డానికి వేలు ఆనించుకున్నాడు, మెడ తిన్నగా నిలిచింది. మందు కావాలా అన్నారు. తల వాల్చాడు. వేలు ఉన్నంతసేపు మెడ అతని ఆధీనంలోనే ఉన్నదని, ఆ సమ్మతిని అంగీకరించాలని దామోదరంగారి వాదన.

నేను లేచాను. నా మాటలను ఇక్కడ యథాతథంగా ఉంచుతున్నాను.

“సమ్మతి అంటే కదలిక కాదు. కదలకుండా ఉండే శక్తి ఉండి కూడా కదలడం సమ్మతి. ఆ శక్తి ఈ మందు తిన్న మెడకు లేదు. వేలు తాకితే నిలబడుతుందంటున్నారు. తాకితే నిలబడే మెడ తాకిన వేలికి లోబడింది గాని మనిషికి లోబడలేదు. ఈరోజు ఆ వేలు ఆ తాతగారిదే. రేపు అది ఎవరి వేలో వకీలుగారు పూచీపడగలరా? కనుక ఈ మెడల సమ్మతి, వేలు ఉన్నా లేకున్నా, ఏ విషయంలోనూ చెల్లదు. మెడ నయమయ్యేదాకా వారి అవసరాలకు పూచీదారులను నియమించండి. అయితే ఒకరి శరీరం మీద పరిశోధనకు మరొకరి మెడ ఎన్నటికీ చాలదు గనుక, ఆ ఒక్క విషయంలో పూచీదారులకు కూడా అధికారం ఉండరాదు.”

సభ లేచి నిలబడింది. మూడు తీర్మానాలూ నా మాటల్లోనే ఆమోదం పొందాయి. మందు ఆ పూటే ఆపేశారు. బయటికి వస్తుంటే దామోదరంగారు నా దగ్గర ఆగి, “ఒక్క కిటికీ కూడా వదల్లేదమ్మాయీ,” అన్నారు. పొగడ్త అనుకున్నాను.

8. అసిరి వచ్చిన రోజు

నేను తలుపు తెరిచి నిలబడ్డాను. సంచి మంచం మీద పడేసి, వేలు గడ్డానికి ఆనించుకుని అడిగింది.

“ఎవులు అడగమన్నారే నిన్ను?”

“నువ్వే. రేవులో. కంఠి కూడా వెలిగింది, కావాలంటే చూడు.”

“ఒద్దు, ఎయ్యకు అని అరిసినాను.”

“తల వాల్చావు కదా.”

“మెడ తిరిగిందే.”

అంతే అన్నది. గొంతు పెంచలేదు. తరువాత గోడవైపు తిరిగి పడుకుని అంది.

“సభలో మా మెడలు నమ్మకండని సెప్పినావంట గదా, బాగా సెప్పినావంట. మరి నువ్వెందుకు నమ్మినావు? నీకు కావలసింది సెప్పింది గనకేనా?”

ఆమె ప్రశ్నలకు వాదసభలో ఎందరో నోళ్లు మూసుకోవడం నేను పక్కన నిలబడి చూశాను. అవతలి పక్కన నిలబడడం ఇదే మొదలు.

9. నీళ్ల రోజు

అసిరి కంఠి నల్లగా మారింది. కుళాయి ఆమెను గుర్తించదు, తలుపు గుర్తించదు. అర్జీదారును గనుక పూచీదారుగా సభ నన్నే నియమించింది. ఆమె తాగే నీళ్లకు నేను తల వాలుస్తాను. ఆమె తినే అన్నానికి నేను తల వాలుస్తాను. స్నానాల గదికి వెళ్లాలంటే ఆమె వచ్చి నా మంచం పక్కన నిలబడాలి. నిలబడుతుంది గాని అడగదు. నేను చూసి లేచి వెళతాను.

నొప్పి ముందుగా వచ్చింది. మెడ ఇంకా తిన్నబడలేదు. మందు ఒంట్లోంచి పోతూ పోతూ తన మేలును ముందు తీసుకుపోయింది, కీడును వెనక వదిలిపెట్టింది.

ఈ ఉదయం రేకు పట్టుకుని సోలార్ పలక దగ్గరికి వెళ్లి, వంగబోయి, సగంలో ఆగిపోయింది. లేవలేక, వంగలేక, అలాగే. నేను వెళ్లి నడుం పట్టుకుని లేపాను. చలువ గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

10. ఆటు రోజు

ఆటుకు నీళ్లు తీసినప్పుడు గోడ మీది దారి తేలుతుంది. ఆ దారిన అసిరి తల్లి నూకాలమ్మ వచ్చింది. కూతురి కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిక్కలు పిసుకుతూ కూర్చుంది. నన్ను తిడుతుందని ఎదురు చూశాను. తిడితే జవాబు సిద్ధంగా ఉంది.

“నువ్వు శానా బాగా మాటాడతావంట గదమ్మా,” అంది. “ఇది సెప్పేది, మా ఇదులకి ఎదురు నేదని. ఏదో ఒకటి మాటాడి ఆ మందు మళ్లీ ఇప్పించీ తల్లీ. మెడ తిరిగినా పరవానేదు. నానే తిప్పుకుంటాను దాన్ని ఎటు కావాలంటే అటు.”

“అమ్మా, ఊరుకో,” అంది అసిరి.

“ఊరుకుంతాను. నువ్వు రాత్తిరి మూలగడం మానీ, ఊరుకుంతాను.”

పునర్విచారణ కోరుతూ అర్జీ రాశాను. ఈసారి అసిరి ముందు కాగితం పెట్టి, చదివి వినిపించి, నోటితో చెప్పమన్నాను.

“ఎయ్యి,” అంది. “ఓడిపోతావు గానీ, ఎయ్యి.”

11. సభ రోజు

ఎన్నడూ రాయని వాక్యం రాస్తున్నాను. ఓడిపోయాను. ఓడించినవారు లేరు.

వేలు ఆనించి ఇచ్చిన సమ్మతిని ఒప్పుకోవాలని వాదించాను. ఆ వేలు మనిషిదే అయినప్పుడు అది కూడా ఆ మనిషి ఇచ్ఛలో భాగమేనన్నాను. చేతికర్రతో నడిచేవాడిని నడవడం లేదని అనగలమా అన్నాను. నిజానికి ఇది మొదటి వాదన కంటే మేలైన వాదన. ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

దామోదరంగారు లేచారు. ఆయన ముఖంలో గెలుపు లేదు. పరిశోధన కొనసాగించడం పరిశోధనశాలకు ఇక ఇష్టం లేదట. తీర్పు వచ్చాక పాలకవర్గం భయపడిందట. “నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. విదులగారు లోగడ చెప్పినదానికి జవాబు నాకు అప్పుడూ దొరకలేదు, ఇప్పుడూ దొరకలేదు,” అని నా వాక్యాలు చదివి కూర్చున్నారు.

“మీ మాట మీరే కాదంటున్నారా?” అని అధ్యక్షురాలు అడిగారు.

“అవును.”

“ఏ కారణంగా?”

“ఆమెకు నొప్పిగా ఉంది.”

అది వాదన కాదు. నాకు తెలుసు. సభలో ఒకరిద్దరు నవ్వారు. వాదసభలో ఎవరైనా అటువంటి జవాబు చెబితే లోగడ నేనూ నవ్వేదాన్ని.

బయట డాక్టర్ శరభయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మందు నిల్వను పారబోశారట. ఆయన గదిని ఉప్పుకు తట్టుకునే రంగులు తయారుచేసేవాళ్లకు ఇచ్చేశారట. ఆయన పక్కన కూర్చున్నాను.  కాసేపటికి ఆయన, “తిన్నావా అమ్మా?” అని అడిగారు.

12. ఉప్పు గోకే రోజు

గోకాను. ఆమె వంతు కూడా.

వాదసభలో కొత్త జోడీని ఎంచుకోమన్నారు. సమయం కోరాను.

13. మెడ తిన్నబడిన రోజు

వానలు వెళ్లాక అసిరి మెడ నిలిచింది. ఇప్పుడు గడ్డానికి వేలు అక్కరలేదు. అన్నాళ్లు మెలితిరిగి అలసిన కండరాల్లోకి గట్టునొప్పి ఎక్కి కూర్చుంది గనుక మెడను కదపడం లేదు. కళ్లనే తిప్పి చూస్తుంది. వంచుకున్న భుజాల మీద ఎవరిదో తలను పెట్టి వెళ్లినట్టు ఉంటుంది.

కంఠి మళ్లీ ఇవ్వడానికి సమ్మతుల కార్యాలయానికి పిలిచారు. నేను తోడు వెళ్లాను. పూచీదారు ఉండడం నియమం. బల్ల వెనక గుమాస్తా కుర్రతనం వదలని మనిషి. అసిరి నిలబడలేకపోవడం చూసి కుర్చీ తెచ్చి వేశాడు. కంఠి పరీక్షించి, సరిగా ఉందన్నాడు.

“హక్కు తిరిగి వచ్చిందండీ. మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది,” అన్నాడు. “పూచీదారును కొనసాగించుకుంటారా? నీళ్లు తెచ్చుకోవడం, తలుపులు, అవీ ఇవీ... ఇంత నొప్పితో ఉన్నవాళ్లు చాలామంది కొనసాగించుకుంటారు. నెమ్మదిగా చెప్పండి.”

కొనసాగించుకోవాలంటే తల కొద్దిగా పక్కకు వాలిస్తే చాలు, కుర్చీ వీపుకు ఆనుకున్నా వాలుతుంది. వద్దనాలంటే అటూ ఇటూ పూర్తిగా తిప్పాలి.

అసిరి నావైపు చూసింది, కళ్లతో. నేను మంచిదాన్నా చెడ్డదాన్నా అని తూచే చూపు కాదు. వేదిక ఎక్కే ముందు, తన మాట తాను సరిచూసుకునే చూపు. తరువాత కుర్చీ చేతులు రెండూ పట్టుకుంది.

తల కుడికి తిప్పింది. దారి మధ్యలో ఆగింది. ముక్కు చివర చెమట పట్టింది. గుమాస్తా, “చాలండీ, అర్థమైంది,” అన్నాడు. చాలదు. కంఠికి చాలదు. ఊపిరి బిగబట్టి చివరిదాకా తిప్పింది. మధ్యకు తెచ్చుకుంది. ఎడమకు తిప్పింది. గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది.

ఎరుపు వెలిగింది.

సంతకాలు లేవు, రాతకోతలు లేవు. మా గదిలోని ఆమె సామాను సగం సంచి కూడా నిండలేదు. పుస్తకాలు నాకు వదిలేస్తానంది. గోడవాడకు వెళ్లే పడవ ఆగి ఉంది. రేవులో ఇంజను ఇంకా వేయలేదు. అంతటా నిశ్శబ్దంగా ఉంది.

“కోపం కాదే,” అంది. “మాయమ్మ కాడుంటే మూలిగినా సిగ్గుండదు. నీ కాడ మూలగాలంటే, నీకు జవాబు సెప్పినట్టుంతాది.”

ఇనప మెట్లు దిగాలి. సంచి భుజానికి తగిలించుకోలేక చేత్తో ఈడుస్తున్నది. నేను దాని పిడి మీద చేయి వేసి, లాక్కోకుండా ఆగాను.

“తీసుకోనా?”

మెడ కదపలేదు. నోటితో చెప్పింది.

“ఒద్దులే.”

నోటిమాటకు చట్టంలో విలువ లేదు. నేను చేయి తీసేశాను.

సంచి ఒక్కొక్క మెట్టూ దిగింది. ఆమె పడవలో కూర్చునేదాకా అక్కడే నిలబడ్డాను. నిలబడమని ఆమె చెప్పలేదు, వెళ్లమనీ చెప్పలేదు.